నాలుగువందల అరవై దాటాక

ఎడమ బూటు లేసు ఇంత బిగించి కట్టుకోవలసింది కాదు, పాదం మొద్దుబారిపోతోంది, ఇప్పుడు వంగి విప్పితే పక్కనున్న ఆవిడ చూస్తుంది, చూస్తే ఏమైందండీ అంటుంది, ఏం లేదు అనాలి, ముప్పై ఒక్కేళ్లుగా ఆ ఏం లేదు అనే మాటని అరిగిన చెప్పులా ఈడ్చుకొస్తున్నాడు, ఇవాళ ఒక్కరోజైనా అది అనకుండా గడిస్తే బాగుండు, అనుకుంటూ ఆయన జీపు కిటికీలోంచి బయటికి చూశాడు, వానలు మొహం చాటేసి ఇది మూడో ఏడు, రోడ్డు పక్క చెట్లు పుల్లలు పుల్లలుగా నిలబడి ఉన్నాయి, అరవై తొమ్మిదేళ్ల మనిషి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, పెడళ్ల మీద పెట్టినట్టు పాదాలు చాపి కూర్చున్నాడు, ఇన్నేళ్లయినా కూర్చోవడం మాత్రం విమానంలో కూర్చున్నట్టే, భార్య ఒళ్లో చేతిసంచీ, సంచీలో సైన్యం వాళ్ల ఉత్తరం, ఆ ఉత్తరం ఆయన పేరున రాలేదు, ఆవిడ పేరున వచ్చింది, సరిహద్దు దగ్గరి సరస్సు ఎండిపోయిందనీ, అడుగు బురదలో ఒక యుద్ధ విమానం బయటపడిందనీ, దాని ఒంటి మీది నంబరు చూస్తే అది మీ తమ్ముడు నడిపినదేననీ, లోపల దొరికిన ఎముకలు ఆయనవో కావో తేల్చడానికి రక్తసంబంధం ఉన్నవాళ్లు ఒకసారి రావాలనీ, బావ అనేవాడిది రక్తసంబంధం కాదు కదా, ఆయన్ని ఎవరూ రమ్మనలేదు, అయినా ఆవిడ ఉత్తరం రెండుసార్లు చదివి మడతపెట్టి, శుక్రవారం జీపు పంపిస్తారట, మీ బూడిదరంగు కోటు ఇస్త్రీకి వెయ్యనా అంది, వస్తారా అని అడగలేదు.

సార్ కూడా పైలటేనా అమ్మా అన్నాడు డ్రైవరు అద్దంలోంచి చూస్తూ, పైలట్లు ఎక్కే ముందు ఎక్కి చూసే పైలటు బాబూ, వంట వడ్డించే ముందు ఉప్పు చూసేవాళ్లు ఉంటారు చూడు, ఆ బాపతు, అందావిడ, డ్రైవరు నవ్వాడు, ఆయనా నవ్వాడు, నవ్వు పళ్ల దగ్గరే ఆగిపోయింది, ఉప్పు చూడ్డం, నిజమే, పదహారేళ్లు అదే పని, కొత్తగా వచ్చిన విమానమైనా, దెబ్బతిని బాగుచేసిన విమానమైనా ముందు తనే ఎక్కాలి, పైకి తీసుకెళ్లి ఎంత ఒంచితే ఒంగుతుందో ఎంత తొక్కితే మూలుగుతుందో చూసి, కిందికి దిగి కాగితం మీద రాసి సంతకం పెట్టాలి, ఆ సంతకం నమ్మి ఇంకొకడు ఎక్కుతాడు, గడియారాలు బాగుచేసే నాన్న బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్న విద్యే ఇదంతా, నాన్న పది గడియారాలు వరసగా పెట్టి, ఏది కుంటుతోందో చెప్పరా అనేవాడు, కళ్లు మూసుకో, చెవి అబద్ధం చెప్పదు, కన్నే చెప్తుంది, ఎనిమిదేళ్ల వయసులో తను మూడోది నాన్నా అంటే తలమీద ఒక్కటి వేసేవాడు ముద్దుగా, ఆ చెవి వల్లే తను సైన్యంలో పైకొచ్చాడు, మొదటి యుద్ధంలో నలభై రెండుసార్లు ఎగిరి నలభై రెండుసార్లు దిగాడు, ఒకసారి ఎదుటి విమానం పొగ చిమ్ముకుంటూ పడిపోతుంటే అందులోంచి మనిషి దూకుతాడేమోనని చూసి చూసి, మెడ పట్టేసేదాకా చూసి, ఎవరూ దూకలేదు, ఆ సంగతీ దిగాక కాగితం మీద రాశాడు, ఎవరూ దూకలేదు అని, కమాండరు చదివి, ఇంత వివరంగా రాసేవాడు నాకు యుద్ధానికి కాదయ్యా పరీక్షకి కావాలి అని పంపించాడు, అక్కడ శిక్షకుడు మొదటిరోజే చెప్పాడు, పైన నీకేం జరిగిందనేది దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు, కిందికొచ్చి నువ్వు రాస్తేనే మాకు తెలిసేది, రాయనిది జరగనట్టే.

జీపు గతుకులో పడి లేచింది, ఆవిడ చెయ్యి ఆయన మోచేతిని పట్టుకుని వదిలేసింది, రాయనిది జరగనట్టే, అలా అయితే ఎంత బాగుండు, రెండో యుద్ధం వచ్చేసరికి తనకి ముప్పై ఎనిమిది, సరిహద్దుకి కాస్త వెనగ్గా ఉన్న మరమ్మతు కేంద్రంలో వేశారు, గుళ్లు తిని వచ్చిన విమానాలు లారీల మీద రావడం, రేకులు అతికించుకుని బయటికి రావడం, తను ఎక్కడం, పొద్దున ఆరింటి నుంచి చీకటి పడేదాకా, మధ్యాహ్నం పక్కనే ఉన్న ఇంటికెళ్లి రెండు గంటలు పడుకోవడం తప్ప, రోజుకి ఆరు, ఏడు, ఒకరోజు తొమ్మిది, అక్కడి పెద్ద మెకానిక్కుని అందరూ మరమేకు అనేవాళ్లు, ఎప్పుడూ పెదాల మధ్య ఒక మరమేకు ఉండేది ఆయనకి, అది తీస్తేగాని మాట్లాడడు, తీశాడంటే ఏదో చెడ్డ కబురన్నమాట, యుద్ధం మూడోవారంలో ఆ మరమేకు తీసి, సార్, దీని ఒంటికి దాని తోక అతికించాం, రెండూ రెండు వేరే విమానాలు, పెళ్లి చేశాం, కాపరం ఎలా చేస్తాయో మీరే చూసి చెప్పాలి అన్నాడు, అందరూ నవ్వారు, అదే ఆ విమానం, ఇప్పుడు బురదలోంచి తీసింది అదే.

ఎక్కాడు, బాగానే లేచింది, బాగానే తిరిగింది, ముక్కు కిందికి వంచి వేగం పెంచాడు, నాలుగువందలు, నాలుగువందల ముప్పై, ముల్లు నాలుగువందల అరవై దాటగానే పాదాల కింద పెడళ్లలో ఒక వణుకు, సన్నగా, తలుపు అవతల ఎవరో గోరుతో గీకినట్టు, వేగం తగ్గించగానే పోయింది, దిగి చెప్పాడు, మరమేకు మారుమాట లేకుండా తోకంతా విప్పాడు, ప్రతి బోల్టూ బిగించి చూశాడు, నాకేం కనపళ్లేదు సార్ అన్నాడు, మళ్లీ ఎక్కాడు, ఈసారి నాలుగువందల ఎనభైదాకా తీసుకెళ్లినా వణుకు లేదు, సరే, మనసు ఒప్పుకోక మూడోసారి ఎక్కాడు, నాలుగువందల అరవై, వచ్చింది, వచ్చిందా, ఉందా, పాదం కొంచెం పైకెత్తి చూశాడు, పెడలుకి తగలకుండా గాలిలో పట్టుకున్నాడు పాదాన్ని, అప్పుడూ వణుకు ఉంది, పెడలు మీద లేని పాదం వణకడమేమిటి, విమానం మొత్తం వణుకుతోందా, లేక ఇది తన కాలేనా, మరమేకుతో ఏమని చెప్పాలి, కమాండరుకి ఏమని రాయాలి, తోక వణుకుతోందని రాస్తే విప్పిచూసినవాళ్లు ఏమీ లేదంటున్నారు, నా కాళ్లు వణుకుతున్నాయని రాస్తే, నలభై రెండుసార్లు యుద్ధంలో ఎగిరిన మనిషి, గడియారం గుండె చప్పుడు వినే చెవి ఉన్నవాడు, కాళ్లు వణుకుతున్నాయని రాస్తే రేపటినుంచి ఎవరు నమ్ముతారు, కింద పన్నెండు విమానాలు వరసలో ఉన్నాయి, ఎక్కి చూసేవాడు తనొక్కడే, దిగాడు, మరమేకు కళ్లతోనే అడిగాడు, బానే ఉంది అన్నాడు తను, కాగితం మీద సంతకం పెట్టాడు, అక్షరాలు మాత్రం వణకలేదు, చేతులెప్పుడూ వణకలేదు, అదొక్కటే చిత్రం.

దాన్ని తీసుకెళ్లడానికి వచ్చింది పిచ్చుక, ఆవిడ తమ్ముడు, ఇరవై నాలుగేళ్లవాడు, ఒకచోట నిలవడు, తిన్నది అరక్కముందే లేస్తాడు, దళంలో కూడా పిచ్చుక అనే పిలిచేవాళ్లు, జేబులో ఎప్పుడూ వేయించిన శనగలు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాడి చేతిలోనూ నాలుగు పోసేవాడు, వాడు రావలసినవాడు కాదు, రావలసినవాడికి జ్వరం, బావా, మా బావ సంతకం ఉన్న బండి దొరికిందిరా నాకు అని మావాళ్లందరికీ చెప్పొచ్చాను, ఇక నాకేం కాదు, అన్నాడు, మామూలుగా ఎవడికైనా చెప్పే నాలుగు ముక్కలూ చెప్పాడు తను, ఇంజను కాస్త వేడెక్కుతుంది చూసుకో, ఎడమ చక్రం గట్టిగా దిగుతుంది అని, ఐదో ముక్క నాలుక చివరిదాకా వచ్చింది, నాలుగువందల అరవై దాటించకురా అని, అది చెప్తే ఎందుకు బావా అంటాడు, ఎందుకంటే ఏం చెప్పాలి, ఏం బావా, ఇంకేమైనా ఉందా అన్నాడు వాడు నిచ్చెనమీద ఒక కాలు పెట్టి, ఏం లేదు పో అన్నాడు తను, వాడు చేతిలో నాలుగు శనగలు పోసి ఎక్కాడు, అక్కకి చెప్పు, ఆదివారం వస్తానని.

ఆదివారానికి ముందే, గురువారం, సరిహద్దు అవతలికి వెళ్లిన నాలుగింటిలో మూడు తిరిగొచ్చాయి, మబ్బుల్లో విడిపోయాడనీ, రేడియోలో మాట లేదనీ, ఎవరూ చూడలేదనీ చెప్పారు, ఎవరూ చూడకపోతే ఏమైనట్టు, మిగతావాళ్లందరికీ అది శత్రువు పని, తనకి మాత్రం తోక, విడిపోయి గింగిరాలు తిరుగుతూ పడిపోయే తోక, ఆవిడకి తనే చెప్పాడు, వంటగదిలో, ఆవిడ చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి, పొయ్యి ఆర్పి, నిజమా అంది, అంతే అంది, ఆ తరవాత ఎన్నిసార్లు, తేలు కుట్టిన దొంగలా నోరు నొక్కుకుని ఇంట్లో తిరిగాడు, హాల్లో వాడి ఫొటో ఉండేది, గోడ చెమ్మగా ఉంది ఫొటో పాడవుతుంది అని తీయించేశాడు, ఆవిడ మాట్లాడకుండా తీసుకెళ్లి తన బీరువాలో చీరల కింద పెట్టుకుంది, వాడు చిన్నప్పుడు ఒకసారి ఏం చేశాడో తెలుసా అని ఆవిడ మొదలుపెడితే, స్నానాలగదిలో కొళాయి కారుతున్నట్టుంది అని లేచిపోయేవాడు, కారని కొళాయిని ఎన్నిసార్లు బిగించాడో, చివరికి దాని మర అరిగిపోయి నిజంగానే కారడం మొదలుపెట్టింది, పదేళ్లకి ఆవిడ మొదలుపెట్టడం మానేసింది, మానేసినప్పుడు తనకి హాయిగా అనిపించింది, అది గుర్తుంది, సిగ్గులేకుండా హాయిగా అనిపించింది.

హ్యాంగరు తలుపులు తెరిచి ఉన్నాయి, లోపల బురద వాసన, కుళ్లిన నాచు వాసన, జీపు దిగేసరికి మొద్దుబారిన పాదం నేలమీద ఆనలేదు, ఆవిడ భుజం ఇచ్చింది, కళ్లద్దాల కుర్ర ఇంజనీరు ఒకడు ఎదురొచ్చి, రండమ్మా, ముందు ఆ గదిలో డాక్టరుగారు మీతో మాట్లాడతారు, తరవాత చూపిస్తారు, సార్ మీరు ఇక్కడ కూర్చోండి అని కుర్చీ లాగాడు, ఆవిడ సంచీ ఆయన చేతిలో పెట్టి, తిన్నగా, వెనక్కి చూడకుండా ఆ గదిలోకి వెళ్లిపోయింది, తనకీ కాళ్లున్నాయి వెళ్లొచ్చు, వెళ్లలేదు, ఇంజనీరుతో, బాబూ, నేను ఈ విమానం పరీక్షించినవాణ్ణి, చూడొచ్చా అన్నాడు, వాడి కళ్లు పెద్దవయ్యాయి, ఆ కాగితంమీద సంతకం మీదేనా సార్, ఫైల్లో చూశాను, రండి రండి, అన్నాడు ఏదో దేవుడు దొరికినట్టు, ఉరికంబం దగ్గరికి ఇంత మర్యాదగా ఎవరూ తీసుకెళ్లి ఉండరు.

నేలమీద తెల్లటి గుడ్డ పరిచి ముక్కలన్నీ వాటి వాటి చోట్ల పేర్చారు, చేప ముళ్లలా, ముక్కు నలిగిపోయింది, ఎడమ రెక్క లేదు, నడుం దగ్గర బురద ఇంకా కడగలేదు, చూపు వాటన్నిటి మీదా జారిపోయి తోక దగ్గర ఆగింది, ఆగి, ఇంక కదల్లేదు, తోక ఉంది, ఒంటికి అంటుకునే ఉంది, మరమేకు వేయించిన రివెట్ల వరస అలాగే ఉంది, వంకర టింకరగా, ఆ తొందరలో వేసిన వరస, దగ్గరికి వెళ్లి వంగాడు, మోకాలు కలుక్కుమంది, వేలు పెట్టి అతుకు పొడుగునా తడిమాడు, ఒక్కో బోల్టూ తడిమాడు, ఎక్కడా చీలిక లేదు, మేం కోసి కూడా చూశాం సార్, ఇంజనీరు వెనకనుంచి చెప్తున్నాడు, ఈ అతుకు ఇంకో ముప్పై ఏళ్లు ఎగిరినా ఊడదు, ఎవరు చేశారో గాని మహానుభావుడు, ఇటు రండి, ఇదీ అసలు సంగతి, అని పైలటు కూర్చునే చోటు పక్క రేకు చూపించాడు, ఏడు చిల్లులు, అరచేతి వెడల్పున్నవి, బయటినుంచి లోపలికి, మొదటి గుండుకే ప్రాణం పోయి ఉంటుంది సార్, బాధపడే టైం కూడా ఉండదు, విమానంలో ఏ లోపమూ లేదు, రిపోర్టులో అలాగే రాస్తున్నాం, మీ తప్పేం లేదు సార్.

మీ తప్పేం లేదు సార్, వాడికి ఎలా తెలుసు తను అడగని ప్రశ్న, ఏమో, మర్యాదకి అన్నాడేమో, ఊపిరి పీల్చుకోవాలి కదా ఇప్పుడు, గుండెల మీంచి బండ దిగాలి కదా, దిగలేదు, ముప్పై ఒక్కేళ్లు మోసినచోట ఉత్తి గుంట మిగిలింది, తోక వణకలేదంటే వణికింది ఏమిటి, పెడలు మీద లేని పాదం, గాలిలో పట్టుకున్న పాదం, అదీ, కుర్చీ దగ్గరికి ఎలా నడిచాడో తెలీదు, కూర్చుని కాళ్ల వంక చూసుకున్నాడు, ముసలి కాళ్లు, కదలకుండా ఉన్నాయి, వెధవ కాళ్లు, ఇప్పుడు కదలకుండా ఉన్నాయి.

ఆవిడ గదిలోంచి వచ్చింది, కళ్లు ఎర్రగా లేవు, మొహం మాత్రం కడుక్కున్నట్టుంది, పక్క కుర్చీలో కూర్చుని, దవడ వాడిదే, అంది, కింద రెండు పళ్లు ఒకదానిమీదొకటి ఎక్కి ఉండేవి గుర్తుందా, అలాగే ఉన్నాయి, రక్తం కూడా తీసుకున్నారు, అక్కర్లేదు, వాడే, గుర్తుందా అని ఆవిడ అడగడం ఎన్నేళ్లకి, కొళాయి లేదిక్కడ, లేచిపోవడానికి ఏమీ లేదు, గుర్తుంది అన్నాడు, అని, ఆగితే మళ్లీ ఆగిపోతుందని ఆగకుండా, నీకొకటి చెప్పాలి, ఆ విమానం తోక వణుకుతోందని అనిపించింది నాకు, మూడుసార్లు ఎక్కాను, ఖాయంగా తెలీలేదు, అయినా సంతకం పెట్టాను, వాడికి చెప్పలేదు, నిచ్చెన దగ్గర అడిగాడు ఇంకేమైనా ఉందా అని, ఏం లేదు పో అన్నాను, ఇన్నేళ్లూ వాణ్ణి నేనే చంపాననుకుంటున్నాను, ఇవాళ చూస్తే తోక బానే ఉంది, మొత్తం చెప్పేశాడు, దిగి కాగితం మీద రాసినట్టు వరసగా, ఏమీ వదలకుండా.

హ్యాంగరు రేకు ఎండకి ఎక్కడో టిక్కుమంది, ఆవిడ తలెత్తి అటు చూసింది, తరవాత, వణికింది తోక కాదండీ, మీ కాళ్లు, అంది, ఏ ఉప్పో పప్పో అన్నంత మామూలుగా, ఆ నెలంతా మధ్యాహ్నం రెండు గంటలు ఇంటికొచ్చి పడుకునేవారు చూడండి, కన్నంటుకోగానే మొదలయ్యేవి, మంచం కోడు నేలకి టకటకా కొట్టుకునేది, కింది వాటా ఆవిడ ఒకరోజు కుట్టుమిషను ఎప్పుడు కొన్నారండీ అని అడిగింది కూడా, మొన్ననే కొన్నామండీ అన్నాను, ఏమనను, మీ కాళ్లమీద అడ్డంగా పడుకునేదాన్ని మీకు మెలకువ రాకుండా, చెప్తే మీరు భయపడి పైన ఏం చేస్తారో అని భయం, చెప్పకపోతే పైన ఏమైపోతారో అని భయం, రెండింటి మధ్యా నోరు మూసుకున్నాను, ఒక్కసారి అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని కదా, అంది, అడగలేదు సరికదా, వాడి మాట ఎత్తితే చాలు లేచిపోయేవారు, ఫొటో తీసేశారు, నేనేం అనుకున్నానో తెలుసా మీకు, వాడంటే మీకు పడేది కాదనుకున్నాను, అల్లరివాడు, మీ అంతటివాడు కాడు, వాడు పోయినందుకు మీకేమీ అనిపించలేదనుకున్నాను, అనుకుంటూనే మీకు అన్నం పెట్టాను, అనుకుంటూనే ముసలిదాన్నయ్యాను.

అంది, సంచీ తన ఒళ్లోకి తీసుకుంది, దాని పిడిని వేళ్లతో సాపు చేస్తోంది, ఆయన ఏదో అనబోయాడు, నాకు వాడంటే ప్రాణం అనబోయాడు, ఆ మాట ఇప్పుడంటే చెల్లదు, ముప్పై ఒక్కేళ్ల మధ్యాహ్నాలు ఎదురుగా నిలబడి అడ్డమొచ్చాయి, బీరువాలో చీరల కింద బోర్లా పడుకున్న ఫొటో, సగంలో ఆగిపోయిన వాడు చిన్నప్పుడు అనే మాట, ఆవిడ తమ్ముడికోసం ఏడవాలనుకున్నప్పుడల్లా ఏ గదిలో ఏడ్చి ఉంటుంది, ఎవరితో చెప్పుకుని ఉంటుంది వాడి పళ్ల గురించీ వాడి శనగల గురించీ, వాణ్ణి ఆవిడంతగా ఎరిగిన మనిషి ఈ భూమ్మీద తనొక్కడే మిగిలాడే, తను నోరు విప్పినా విప్పకపోయినా ఆ ఏడు గుళ్లు వాడి కోసం వచ్చి ఉండేవే, ఆకాశంలో తను మార్చగలిగింది ఏమీ లేదు, కింద, ఇంట్లో, ఈవిడ పక్కన, మార్చగలిగిందంతా తన చేతుల్లోనే ఉంది, దాన్నే పట్టించుకోలేదు, తను చంపని మనిషి కోసం ఇన్నేళ్లూ కుమిలిపోతూ, బతికి ఉన్న మనిషిచేత తమ్ముణ్ణి ఒంటరిగా మోయించాడు, అవతల ఇంజనీరు కాగితాలు సర్దుకుంటున్నాడు, మంచి కుర్రాడు, విమానం సంగతి చెప్పాడు, ఈ సంగతికి మాత్రం మీ తప్పేం లేదు సార్ అని చెప్పడానికి ఎవరూ రారు, ఎందుకంటే ఇది తన తప్పే.